చెడిపోకుండానే చచ్చిపోయిన సామాన్లు: ఈ-వ్యర్థాల శిల్పం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

విశాఖ బీచ్ రోడ్డులో నౌకాదళం నుంచి రిటైరైన యంత్రాలు రెండు ఇంచుమించు ఎదురెదురుగా కొలువై ఉన్నాయి. ఒకటి కురుసుర సబ్‌మెరైన్. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులు చాలించి, 2002లో ఇసుక మీదికెక్కి మ్యూజియం అయింది. రెండోది టీయూ-142 విమానం. అది 2017లో వచ్చి చేరింది. జనం టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్తారు, మీటర్ల ముందు నిలబడి సెల్ఫీలు దిగుతారు, గైడు చెప్పేది వింటారు. కురుసుర రిటైరైన ఏడాదే కొన్న కంప్యూటర్ ఒకటి మీ ఇంట్లో అటక మీద ఉందనుకోండి. పండక్కి ఇల్లు దులిపిన ప్రతిసారీ "ఇదింకా ఎందుకు?" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. రెండూ మూలపడ్డది ఒకే ఊళ్లో, ఒకే ఉప్పుగాలిలో. ఒకదానికి చరిత్ర దక్కింది, రెండోదానికి తూకం రేటు దక్కింది.

ఈ-వ్యర్థాలతో శిల్పాలు చేసేవాళ్లు ఈ రెండో రకం సామాన్లకు కూడా చరిత్ర ఉందంటారు. ఆ మాట నిజమే. కానీ వాళ్ల శిల్పాలన్నీ ఆ చరిత్ర చెబుతున్నాయా అంటే అనుమానమే. ఈ తరహా కళ గురించి మాట్లాడేటప్పుడు మూడు వేర్వేరు పనులు కలగాపులగం అవుతుంటాయి. చెత్త తగ్గించడం ఒకటి. కొత్త రకం ముడిసరుకుతో బొమ్మ చేయడం ఇంకొకటి. టెక్నాలజీ మన బతుకుల్ని ఏం చేస్తోందో నిలదీయడం మూడోది. పేపర్లో ఫోటో కింద వాక్యం మూడూ ఒకేసారి జరిగిపోయినట్టు రాస్తుంది. విడదీసి చూస్తే మొదటిది జరగదు, రెండోది తరచుగా జరుగుతుంది, మూడోది అరుదుగా జరుగుతుంది.

మొదటిదాన్ని తొందరగా తేల్చేద్దాం. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతం. 2030 నాటికి మొత్తం 8.2 కోట్ల టన్నులకు చేరుతుందని అంచనా. 2005లో లండన్‌లో శిల్పి పాల్ బొనోమినీ ఈ-వ్యర్థాలతో చేసిన 'వీ మ్యాన్' అనే ఏడు మీటర్ల బొమ్మ బరువు 3.3 టన్నులు. అలాంటివి ఏడాదికి వెయ్యి చేసినా ఈ లెక్కలో ఎక్కడా కనపడవు. పైగా బొమ్మలోకి వెళ్లిన రాగి తీగ కరిగించే కొలిమికి వెళ్లదు. అంటే రీసైక్లింగ్‌కు శిల్పం సాయం చేయడం అటుంచి, కొంచెం ఆలస్యమే చేస్తుంది. ఇది తప్పేమీ కాదు. పర్యావరణ సేవ అని బోర్డు పెట్టకుండా ఉంటే చాలు.

సామాను ఎక్కడినుంచి వస్తుంది

మన వీధుల్లో "పాత ఇనప సామాన్లు కొంటాం" అంటూ తిరిగే బండి దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. పాడైన టీవీ, మిక్సీ, చార్జర్లు, సెట్‌టాప్ బాక్సులు ఆ బండి మీద తుక్కు కొట్టుకి వెళ్తాయి. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు రిపేరు షాపుల్లో మిగిలే బోర్డులూ చివరికి ఎవరో ఒక కొట్టాయన దగ్గరికే చేరతాయి. అక్కడ జరిగేది వేరుచేయడం. రాగి ఒక గుట్ట, అల్యూమినియం ఒక గుట్ట, ఇనుము ఒక గుట్ట, బోర్డులు ఇంకో గుట్ట. ప్లాస్టిక్ డొక్కుకి పెద్దగా రేటు ఉండదు. కీబోర్డు మీది అక్షరాలకైతే అసలే ఉండదు.

చట్టం లెక్క కూడా ఇంచుమించు ఇలాగే ఉంది. 2022 ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 106 రకాల పరికరాలు వాటి కిందికి వస్తాయి. వస్తువు చేసి అమ్మిన కంపెనీయే దాని పాత సామానుకి కూడా జవాబుదారీ. రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు కొని ఆ బాధ్యత తీర్చుకోవచ్చు. ఆ సర్టిఫికెట్లను లెక్కగట్టేది నాలుగు లోహాల మీద: బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము. మిగతావాటిని బయటికి తీసినా వాటికి సర్టిఫికెట్ విలువ లేదు.

ఈ నిబంధనల్లో శిల్పి అనే గడి లేదు. తయారీదారు, ఉత్పత్తిదారు (తన బ్రాండు పేరుతో అమ్మే కంపెనీ), రీఫర్బిషర్ (పాతదాన్ని బాగుచేసేవాడు), రీసైక్లర్ మాత్రమే రిజిస్టర్ చేసుకోవాలి. ఏడాదిలో వెయ్యికి తగ్గకుండా పరికరాలు వాడే సంస్థల్ని 'బల్క్ కన్స్యూమర్లు' అంటారు. అవి పాత సామానును రిజిస్టరైన వాళ్లకే అప్పగించాలి. కాబట్టి ఒక పెద్ద కాలేజీ తన పాత ల్యాబ్ కంప్యూటర్లను "శిల్పాలు చేసుకోండి" అని ఒక కళాకారుడికి లారీలో పంపేయడం కుదరదు. అతను రీసైక్లర్‌తో మాట్లాడుకోవాలి, లేదా ఇళ్లనుంచి వచ్చే చిన్నా చితకా సామానుతో సరిపెట్టుకోవాలి. చాలామంది రెండోదే చేస్తారు. దీనివల్ల వచ్చే చిక్కు ఒకటి ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

నా ఉద్దేశంలో శిల్పి అడగాల్సింది రాగి కాదు. రీసైక్లర్ వదిలేసేవాటిని అడగాలి. అవే ఈ ఊరి కథ ఎక్కువగా చెబుతాయి. పాత టీవీల వెనక డొక్కు తీసుకోండి. అందులో ఎక్కువగా వాడింది హై ఇంపాక్ట్ పాలీస్టైరీన్. దాని ముడిసరుకు స్టైరీన్. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని పాలిమర్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి బయటికొచ్చి పన్నెండు మంది ప్రాణాలు తీసింది ఆ స్టైరీన్ ఆవిరే. విశాఖలో ఈ పదాన్ని ఎవరికీ వివరించక్కర్లేదు. పాత హార్డ్ డిస్కు విప్పితే లోపల వేళ్లకి అతుక్కుపోయేంత బలమైన అయస్కాంతం ఉంటుంది, అది నియోడిమియంతో చేసింది. నియోడిమియం లాంటి అరుదైన మూలకాలున్న మోనజైట్ అనే ఖనిజం మన తీరం ఇసుకలో కలిసి ఉంది. అలాంటి మరో మూలకమైన సమేరియంతో సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ప్లాంటును 2023లో విశాఖలోనే, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ప్రాంగణంలో, జాతికి అంకితం చేశారు. ఒకపక్క ఇసుకలోంచి తియ్యడానికి ఇంత తంటాలు, ఇంకోపక్క చేతికొచ్చిన అయస్కాంతం ఇనప గుట్టలో కలిసిపోవడం. ఈ రెండిటినీ ఒకచోట పెట్టి చూపించే శిల్పం ఎవరైనా చేస్తే చూడాలని ఉంది.

ముట్టుకునే ముందు

ఈ భాగం కళా విమర్శకులు రాయరు, కానీ రాయాలి. చెక్కా, రాయీ, మట్టీ పట్టి నేర్చుకున్న శిల్పికి ఇవి కొత్త ప్రమాదాలు. పాత పిక్చర్ ట్యూబు లోపల గాలి ఉండదు. పగిలితే గాజు ముందు లోపలికి కూలి, తర్వాత బయటికి చిమ్ముతుంది. పైగా ఆ గాజులో సీసం ఉంటుంది. కలర్ టీవీ ట్యూబుకి ఇరవై వేల వోల్టులకు పైగా ఎక్కుతుంది, స్విచ్ తీసేశాక కూడా కొంత చార్జి నిలిచి ఉండొచ్చు. మైక్రోవేవ్ కెపాసిటర్ కూడా అంతే, ప్లగ్గు పీకినంత మాత్రాన నమ్మకూడదు. ఎల్ఈడీలు రాకముందు ఎల్‌సీడీ తెరల వెనక సన్నటి గాజు గొట్టాల్లో పాదరసం ఉండేది. ఉబ్బిన లిథియం బ్యాటరీకి మేకు గుచ్చుకుంటే మంట లేస్తుంది, నీళ్లు చల్లి ఆరిందనుకున్నా మళ్లీ అంటుకుంటుంది. ట్యూబులు, బ్యాటరీలు, ఈ గొట్టాలు శిల్పంలోకి రాకూడదు. అందం కోసం కూడా వద్దు.

ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. అది గాజు పీచునీ ఎపాక్సీనీ పొరలుగా అద్దిన పలక. మంట అంటుకోకుండా బ్రోమిన్ మందులు కలుపుతారు. రంపంతో కోస్తే సన్నటి గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కాలిస్తే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. రాగి కోసం తీగల మీది పీవీసీ తొడుగు కాల్చినా అదే పొగ. పాత బోర్డుల టంకంలో దాదాపు 37 శాతం సీసం. యూరప్ 2006 నుంచి సీసం వాడొద్దన్నాక తగ్గింది గానీ, తుక్కు కొట్టులో అంతకు ముందువీ దొరుకుతూనే ఉంటాయి. తడిపి కోయడం, మాస్కు కట్టుకోవడం, అన్నం ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి. స్కూలు పిల్లల చేత 'వేస్ట్ టు వెల్త్' పేరుతో బోర్డులు కోయించే వర్క్‌షాపులు చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. కీబోర్డు మీటలు, ఖాళీ ప్లాస్టిక్ డొక్కులు, స్క్రూలు ఇవ్వండి, పిల్లలు వాటితోనే అద్భుతాలు చేస్తారు.

శిల్పి ఏడాదికి కొన్నిసార్లు పీల్చే పొగను తుక్కు వేరుచేసే మనిషి రోజూ పీలుస్తాడు. శిల్పం ప్రారంభోత్సవంలో ఆయన ఎక్కడా కనపడడు. బొమ్మ పక్కన శిల్పి పేరు, స్పాన్సర్ పేరు ఉంటాయి. ఆ ముక్కల్ని రంగుల వారీగా, లోహాల వారీగా మొదట విడదీసి పెట్టింది ఎవరో కూడా రాసి ఉంటే, ఆయన ఒప్పుకుంటే పేరుతో సహా, టెక్నాలజీ సమాజాన్ని ఎలా విడదీస్తుందో చెప్పడానికి అదొక్కటే సగం పని చేస్తుంది.

గేరుకి ఉన్న నోరు చిప్పుకి లేదు

తుక్కుతో బొమ్మలు చేయడం ఆంధ్రలో కొత్త కాదు. తెనాలి శిల్పులు నట్లు, బోల్టులు, గేర్లు, చైన్లతో చేసిన నిలువెత్తు విగ్రహాలు దేశమంతా వెళ్లాయి. అవి ఎందుకు ఆకట్టుకుంటాయో గమనిస్తే ఈ-వ్యర్థాలతో ఉన్న అసలు ఇబ్బంది అర్థమవుతుంది. గేరు పళ్లు చూస్తే అది ఎటు తిరిగిందో, దేన్ని తిప్పిందో కంటికి తెలుస్తుంది. మోకాలి దగ్గర బేరింగు పెడితే మోకాలు వంగుతుందనిపిస్తుంది. ముక్క చేసిన పనీ, బొమ్మలో దాని చోటూ ఒకదానికొకటి మద్దతిస్తాయి. చిప్పుకి ఆ భాగ్యం లేదు. నల్లటి చదరం, చుట్టూ కాళ్లు. అది రైల్వే టికెట్లు లెక్కపెట్టిందో, ఎవరి ప్రేమ సందేశాలు మోసిందో బయటికి ఒక్క గీత కూడా కనపడదు.

అందుకే ఈ-వ్యర్థ శిల్పాలు సులువుగా రెండు దారుల్లో పడతాయి. ఒకటి, బోర్డుల్ని పై నుంచి చూసిన నగరంలా పరచడం. ఇది ఎన్నిసార్లు చేశారో లెక్కలేదు, ఇక చాలు. రెండోది, సింహమో గుర్రమో నెమలో చేసి దాని చర్మంగా బోర్డులు అతికించడం. నెమలి బావుంటుంది. కానీ ఆ బోర్డుల చోట గాజు పెంకులు అతికించినా అంతే బావుండేది. ముక్క మారినా అర్థం మారకపోతే ఆ శిల్పం టెక్నాలజీ గురించి ఏమీ చెప్పలేదన్నమాట. నేను వాడే పరీక్ష ఇదొక్కటే.

వీ మ్యాన్ ఈ పరీక్షలో నెగ్గింది. దాని పళ్లు కంప్యూటర్ మౌసులు, చెవులు డిష్ యాంటెన్నాలు. అయితే ఆ పోలికల కన్నా గొప్పది దాని బరువు. ఒక సగటు బ్రిటిష్ మనిషి జీవితకాలంలో పారేసే ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాను ఎంతో, బొమ్మ బరువు సరిగ్గా అంత. కాబట్టి ముక్కలు తగ్గించినా పెంచినా బొమ్మ అబద్ధమైపోతుంది. మరోపక్క ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో 2021 జీ-7 సమావేశాల వేళ శిల్పి జో రష్ ఏడుగురు దేశాధినేతల తలలు ఈ-వ్యర్థాలతో చేసి కొండలా నిలబెట్టాడు, అమెరికా అధ్యక్షుల తలలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ కొండకి అనుకరణగా దాని పేరు 'మౌంట్ రీసైకిల్‌మోర్'. ఫోటోకి అదిరింది. ఎవరిని అడగాలో కూడా సూటిగానే చెప్పింది. కానీ ఏ ముక్క ఏ ముఖంలోకి వెళ్లినా తేడా ఉండదు. నేనైతే వీ మ్యాన్‌కే ఓటు వేస్తాను.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లినవి టోక్యో ఒలింపిక్స్ పతకాలు. జపాన్ జనం ఇచ్చిన దాదాపు 79 వేల టన్నుల పాత పరికరాల నుంచి, అందులో 62 లక్షల ఫోన్లు, పతకాల కోసం తీసిన బంగారం సుమారు 32 కిలోలు. సరుకు మొత్తం కరిగిపోయింది, చరిత్ర చెరిగిపోయింది, మెరుపు మిగిలింది. రీసైక్లింగ్‌గా అది పక్కా పని. శిల్పి చేయాల్సింది మాత్రం ఆ చెరిగిపోయినదాన్ని పట్టుకోవడం.

ఎలా పోయాయో అడిగితే

మరి చిప్పుకి నోరు ఎలా ఇవ్వాలి? ముక్కల్ని రంగు, ఆకారం బట్టి కాకుండా, అవి ఎలా చచ్చిపోయాయో దాన్ని బట్టి విభజించమంటాను. తుక్కు కొట్టులో ఒక గంట కూర్చుని ఒక్కో సామాను ఎందుకు వచ్చిందో అడిగితే సంగతి తెలుస్తుంది. నిజంగా పాడైనవి వాటిలో ఒక రకం మాత్రమే.

చట్టం వల్ల వచ్చినవి ఉంటాయి. కేబుల్ టీవీ డిజిటల్ కావాలన్న రెండో దశ గడువు 2013 మార్చి 31. ఆ 38 నగరాల్లో విశాఖ ఒకటి. అప్పటినుంచి ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు వచ్చింది, ఆపరేటర్ని మార్చినప్పుడల్లా బాగా పనిచేసే బాక్సే చెత్తయింది. నెట్‌వర్క్ వల్ల వచ్చినవి ఉంటాయి. 2016 సెప్టెంబరులో 4జీ మాత్రమే అందించే జియో రావడంతో పాత ఫోన్లు బ్యాటరీ బాగున్నా బీరువాల్లో నిద్రపోయాయి. సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చేవి ఇప్పుడు మొదలవుతున్నాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ఆగింది. కొత్త విండోస్ పెట్టే నియమాలకు సరితూగని కంప్యూటర్లు లక్షణంగా నడుస్తూనే ఎందుకూ కొరగానివవుతున్నాయి. బ్యాటరీని జిగురుతో అతికించేయడం వల్ల రిపేరు ఖర్చు కొత్తదాని ధరకి దగ్గరపడి వచ్చినవి మరికొన్ని. ఈ ఊరికి ప్రత్యేకమైనవీ ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కిటికీలు ఊడగొట్టి లోపలికి తెచ్చిన వాన నీళ్లు తాగిన టీవీలు, ఫ్రిజ్‌లు.

ఈ కారణాలు ఒక్కోదానికీ ఒక్కో ఆకారం ఇవ్వొచ్చు. ఒకే కంపెనీ సెట్‌టాప్ బాక్సులు, ఒక్కటీ విప్పకుండా, వరసగా పేర్చిన గోడ. ఇంకా లైటు వెలుగుతున్న, అయినా ఎవరికీ అక్కర్లేని కంప్యూటర్ల వరస. అది నెమలి అంత ముచ్చటగా ఉండదు. కానీ చూసినవాడికి ఇంటికెళ్లాక ఒక ప్రశ్న పుడుతుంది: నా ఫోను పాడైందా, లేక పాడైందని ఎవరో నిర్ణయించారా?

ముందు చెప్పిన చిక్కు ఇక్కడే తగులుతుంది. శిల్పి చేతికి అందేది ఇళ్లనుంచి వచ్చే సరుకు. కాబట్టి శిల్పం వేలెత్తి చూపేదీ ఇళ్లనే, "మీరే కొంటున్నారు, మీరే పారేస్తున్నారు" అని. వీ మ్యాన్‌లోనూ ఈ లోపం ఉంది, అది లెక్క కట్టింది మనిషికే కదా. కానీ రేపు విశాఖలో పోగయ్యే సరుకు ఎక్కువగా ఇళ్లదే అవుతుందా? 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. అదే కంపెనీ తన సర్వర్ల ఆయుష్షును 2023లో లెక్కల్లో నాలుగేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచుకుంది. ఆరేళ్లంటే డిగ్రీలో చేరిన కుర్రాడు పీజీ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కునే లోపు ఒక తరం యంత్రాలు మారిపోతాయన్నమాట. అవి వీధిలో బండి మీదికి రావు. డేటా బయటపడకుండా డిస్కులు పొడి చేస్తారు, ఒప్పందాల ప్రకారం మూసిన లారీల్లో తీసుకెళ్తారు. ఊళ్లో ఎవరికీ కనపడవు, శిల్పికి అసలే దొరకవు. కనపడని ఆ సరుకుని లెక్కలోకి తీసుకోని శిల్పం ఎంత నిజాయితీగా చేసినా ఒకపక్క తూకమే చూపిస్తుంది. ఖాళీ సర్వర్ ర్యాకు ఒకటి పక్కన నిలబెట్టి, "ఇందులోది మాకు ఇవ్వలేదు" అని రాసి పెట్టడం ఒక దారి. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు ఇంతకన్నా మంచి ఊహలే వస్తాయని నమ్మకం.

సముద్రం పక్కన నిలబెట్టాలంటే

బోర్డుల్ని వెల్డింగ్ చేయలేం. సీపీయూ క్యాబినెట్ రేకు పల్చగా ఉండి, పైన జింకు పూత ఉంటుంది. వెల్డింగ్ చేస్తే రేకు చిల్లుపడుతుంది, జింకు పొగకి రాత్రికి జ్వరం వస్తుంది. లోపల మందమైన ఇనప చట్రం కట్టి, ముక్కల్ని స్క్రూలతో, రివెట్లతో దానికి బిగించడమే మేలు.

ఆపైన ఉప్పుగాలి. రెండు రకాల లోహాలు తడిలో ఒకదానికొకటి తగిలితే చిన్న బ్యాటరీ తయారవుతుంది. బలహీనమైనది కరిగిపోతూ బలమైనదాన్ని కాపాడుతుంది. రాగి తీగ, చిప్పుని చల్లబరిచే అల్యూమినియం హీట్ సింకుకి తగిలి ఉంటే తినేయబడేది అల్యూమినియం. ఈ-వ్యర్థాల్లో ప్రతి ముక్కా నాలుగైదు లోహాల పొత్తు. బీచ్ రోడ్డులో పెడితే కొన్ని వానాకాలాల్లోనే రాగికి చిలుము, రేకుకి తుప్పు, తెల్ల ప్లాస్టిక్‌కి ఎండ వల్ల పసుపు రంగు పడతాయి. లోహాల మధ్య రబ్బరో నైలాన్ వాషరో వేయాలి. టంకం ఉన్న బోర్డుల్ని ఆరుబయట పెట్టనే కూడదు, వాననీళ్లతో సీసం కిందికి దిగుతుంది. అవి గోడల లోపలి శిల్పాలకే.

ఎన్ని జాగ్రత్తలు పడ్డా శిల్పం కూడా ఒకనాటికి పాతబడుతుంది. కొరియా కళాకారుడు నామ్ జూన్ పైక్ 1988లో అక్కడి ఒక మ్యూజియంలో 1,003 టీవీలతో గోపురంలాంటి శిల్పం నిలబెట్టాడు. పిక్చర్ ట్యూబులు ముసలివై ప్రమాదంగా మారడంతో 2018లో దాన్ని ఆపేశారు. అలాంటి ట్యూబులు ఇప్పుడు దాదాపు ఎవరూ తయారుచేయడం లేదు. మ్యూజియం వాళ్లు పాత మానిటర్లు వెతికి తెచ్చి 737 బాగుచేశారు, మిగతా 266 చోట్ల ఎల్‌సీడీ తెరలు పెట్టి 2022లో మళ్లీ వెలిగించారు. టెక్నాలజీ గురించి చేసిన శిల్పమే తుక్కు కొట్టు వాకిట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

అందుకని శిల్పం అప్పగించేటప్పుడే దాన్ని విప్పే కాగితం కూడా ఇవ్వాలంటాను. ఏ లోహం ఎంత, ఏ స్క్రూ ఎక్కడ, ఏ ముక్క రీసైక్లర్‌కి, ఏది ప్రమాదకరమైన చెత్త కిందికి అనేది అందులో ఉండాలి. స్క్రూలతో బిగించినదైతే ఇద్దరు మనుషులు ఒక పూటలో లోహాల వారీగా విడదీస్తారు. ఎపాక్సీ పోసి ముద్ద చేసినదాన్ని ఏ రీసైక్లరూ తీసుకోడు, అది నేరుగా కాపులుప్పాడ డంపింగ్ యార్డుకే వెళ్తుంది.